విదేశ ప్రయాణం – చేతిలో రెండు నంబర్లు
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



అమ్మాయి పురిటికనో, అబ్బాయి గృహప్రవేశానికనో విదేశాలకు బయలుదేరే తల్లులు మన ఇళ్లల్లో ఇప్పుడు తక్కువేమీ కాదు. ప్రయాణం ఇంకా నెల రోజులుందనగానే పెట్టె సర్దడం మొదలుపెడతాం. ఆవకాయ నూనె కారకుండా మూడు కవర్లలో చుట్టామా, కందిపొడీ కరివేపాకు పొడీ వేరువేరుగా కట్టామా, పసిబిడ్డకు సున్నిపిండి పెట్టామా అని పదిసార్లు చూసుకుంటాం. పాస్‌పోర్టు, టిక్కెట్టు, మందుల చీటీ చేతిసంచీలో పదిలంగా పెట్టుకుంటాం. కాని ఆ సంచీలోనే వున్న ఫోను సంగతి మాత్రం "అక్కడికి వెళ్లాక పిల్లలే చూసుకుంటారులే" అని వదిలేస్తాం. అలా వదిలేసిన సంగతి గురించే ఈ వేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందు మా వదినగారి ముచ్చట చెబుతాను. ఆవిడ కూతురి పురిటికని అమెరికాలో డల్లాస్ దగ్గర ఒక ఊరికి వెళ్లారు. వెళ్లిన రోజునే అల్లుడు "అత్తయ్యగారూ, ఇక్కడి సిమ్ తీసుకుందామా?" అని అడిగితే, "ఆరు నెలలకు నాకెందుకు బాబూ? ఇంట్లో వైఫై వుందిగా, వాట్సాప్ చాలు" అన్నారట. అనవసరపు ఖర్చని ఆవిడ ఉద్దేశం. వారం రోజుల తర్వాత ఒకనాటి సాయంత్రం, బిడ్డ నిద్రపోతుంటే కాసేపు అలా నడిచి వద్దామని ఒంటరిగా బయటికి వెళ్లారు. రెండు మలుపులు తిరిగారో లేదో, ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు కనబడ్డాయి. వచ్చిన దారి తెలియలేదు. ఫోను తీసి కూతురికి చేద్దామంటే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎలా పలుకుతుంది? వైఫై అన్నది ఇంటి గుమ్మం దాకానే. గుమ్మం దాటితే ఆ ఫోను చేతిలో వున్న అద్దంతో సమానం. చివరికి మొక్కలకు నీళ్లు పోస్తున్న ఒక పెద్దావిడకు తన ఫోనులో కూతురి నంబరు చూపిస్తే, ఆ తల్లి తన ఫోనునుంచి కలిపి ఇచ్చిందట. గంటసేపు ప్రాణాలు బిక్కుబిక్కుమన్నాయని వదిన ఇప్పటికీ చెబుతారు.

మర్నాడే అల్లుడు సిమ్ తెచ్చి ఫోనులో వేశాడు. ఆ కథ అక్కడితో ముగిసిందనుకున్నాం. కాని అసలు కథ అక్కడే మొదలయింది! కొత్త సిమ్ వేసేటప్పుడు మన దేశపు సిమ్ తీసి బల్లమీద పెట్టారు. చింతగింజంత ముక్క. బాలింత మందుల సీసాల మధ్యనో, ఊడ్చిన చెత్తలోనో అది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. రీఛార్జి గడువు కూడా ఆ నెలలోనే తీరిపోయింది. ఆరు నెలలయి తిరిగి వచ్చేసరికి ఆవిడ పాత నంబరు మూతబడింది. అన్నయ్య పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షను పడే బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాసు బుకింగు అన్నీ ఆ నంబరుతోనే ముడిపడి వున్నాయి. తన డబ్బు తన ఖాతాలోనే వుంది, చూసుకుందామంటే ఓటీపీ వచ్చే దారి లేదు. బ్యాంకుకు నాలుగుసార్లు, ఆధార్ కేంద్రానికి రెండుసార్లు తిరిగితే గాని కొత్త నంబరు ఎక్కలేదు.

అంచేత నేను చెప్పదలచిన మాట ఒక్కటే. విదేశంలో మనకు రెండు నంబర్లు కావాలి. రెండింటికీ రెండు పనులు. అక్కడి నంబరు మాట్లాడటానికీ, దారి చూసుకోవడానికీ. ఇక్కడి నంబరు మన బ్యాంకుకు మనమే అని చెప్పుకోవడానికి. మొదటిది లేకపోతే గుమ్మం దాటలేం. రెండోది పోతే తిరిగొచ్చాక మన పెట్టె తాళం మనకే తెరుచుకోదు.

అసలు ఈ సిమ్ అంటే ఏమిటో కాస్త తెలుసుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. 1991లో జర్మనీలోని మ్యూనిక్ నగరపు కంపెనీ ఒకటి ఫిన్లాండులోని టెలిఫోను సంస్థ కోసం మొదటి సిమ్ కార్డులు తయారుచేసింది. అప్పుడవి బ్యాంకు కార్డంత వుండేవి. తరిగి తరిగి ఇప్పుడు వాడే నానో సిమ్ 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పుకు వచ్చింది. దానిలో సాధారణంగా 15 అంకెల గుర్తింపు సంఖ్య ఒకటి, బయటికి కనబడని రహస్య తాళం ఒకటి వుంటాయి. ఆ సంఖ్యలో మొదటి మూడంకెలు దేశాన్ని చెబుతాయి. మన దేశానివి 404, 405. అమెరికావి 310తో మొదలవుతాయి.

మన సిమ్ వున్న ఫోను అమెరికాలో తెరిస్తే, అక్కడి టవరు ఆ అంకెలు చూసి "ఈమె మా ఇంటి మనిషి కాదు, ఇండియానుంచి వచ్చిన చుట్టం" అని గ్రహించి, మన కంపెనీని అడిగి, ఆ తర్వాతే లోపలికి రానిస్తుంది. దీన్నే రోమింగు అంటారు. చుట్టానికి పెట్టే ప్రతి ముద్దకూ అక్కడి కంపెనీ మన కంపెనీకి బిల్లు వేస్తుంది, మన కంపెనీ మనకు వేస్తుంది. నాలుగు రోజుల ప్రయాణమయితే మన కంపెనీ రోమింగు ప్యాకు కొనుక్కోవడమే సుఖం. నెలా, ఆరు నెలలూ వుండేవాళ్లకు మాత్రం అది తడిసి మోపెడవుతుంది. అక్కడి ప్రీపెయిడ్ సిమ్ తీసుకుంటే ఆ ఊరి ధరకే మాట్లాడుకోవచ్చు. ముందే డబ్బు కట్టి వాడుకునేది గనుక, తెలియకుండా పెద్ద బిల్లు వచ్చిపడుతుందన్న భయమూ వుండదు.

ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వినట్టు కాకుండా, బయలుదేరడానికి రెండు వారాల ముందే ఇక్కడ చేసుకోవలసిన పనులు కొన్ని వున్నాయి.

మొదటిది, ఫోనుకు తాళం లేదని చూసుకోవడం. ఒక్క కంపెనీ సిమ్ తప్ప మరొకటి పట్టకుండా తాళం వేసి అమ్మే ఫోనులు కొన్ని వుంటాయి. మన దేశంలో దుకాణంలో విడిగా కొన్నవాటికి సాధారణంగా ఈ బెడద వుండదు. అమెరికాలో కంపెనీ వాయిదాల మీద కొన్న ఫోను అబ్బాయి పంపాడనుకోండి, తాళం తీయించాడో లేదో అడగండి. ఇంకో సంగతి. 2022లో వచ్చిన ఐఫోను 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోనులకు సిమ్ పెట్టే అరే వుండదు! వాటిలో ఈ-సిమ్ ఒక్కటే. అంటే కార్డు లేకుండా, ఫోనులోనే వున్న చిప్పులోకి ఆ వివరాలు దించుకోవడమన్న మాట. అటువంటి ఫోను చేతికొస్తే మన దేశపు నంబరును ఇక్కడ వుండగానే కంపెనీవారి చేత ఈ-సిమ్‌గా మార్పించుకోండి. అక్కడికి వెళ్లాక అవస్థ పడవద్దు.

రెండోది, ఫోను రెండు సిమ్‌లు పట్టేదిగా వుండాలి. రెండు కార్డులయినా సరే, ఒక కార్డూ ఒక ఈ-సిమ్మూ అయినా సరే. ఇది వుంటే మా వదినగారిలా ఒకటి వేయడానికి మరొకటి తీయనవసరం లేదు. ఈ మాట ఇప్పుడు ఇంకా ముఖ్యం. ఏ నంబరు మీద వాట్సాప్ వంటివి నడుస్తున్నాయో ఆ సిమ్ ఆ ఫోనులోనే వుండాలని 2025 నవంబరులో మన టెలికాం శాఖ ఆ కంపెనీలకు ఆదేశం ఇచ్చింది. కాబట్టి మన సిమ్మును తీసి కుంకుమ భరిణెలో దాచడంకంటే ఫోనులోనే వుంచుకోవడం మేలు.

మూడోది, ఫోను మరీ పాతది కాకూడదు. అమెరికాలోని మూడు పెద్ద కంపెనీలు ఏటీ అండ్ టీ, టీ-మొబైల్, వెరైజన్ 2022లో తమ 3జీ సేవలు ఆపేశాయి. ఇప్పుడు మాటలు కూడా 4జీ, 5జీ మీదనే వెళ్లాలి. ఇంటర్నెట్టు బాగానే వస్తూ కాల్ మాత్రం కలవని ఫోనులు వుంటాయి. మీ ఫోనులో నక్షత్రం, గడి, సున్నా, ఆరు, గడి నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసి పిల్లలకు పంపండి. మీరు తీసుకోబోయే కంపెనీ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి, ఈ ఫోను అక్కడ పనిచేస్తుందో లేదో వాళ్లు ముందే చూసి చెబుతారు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమయినది, మన నంబరును బతికించుకోవడం. వాడకుండా 90 రోజులు దాటిన ప్రీపెయిడ్ నంబరును కంపెనీ మూసేయవచ్చు. మూసిన నంబరును కొంతకాలం ఆగి మరొకరికి ఇచ్చేస్తారు. అంటే మన బ్యాంకు మెసేజి ఎవరో ముక్కూ మొహం తెలియనివారి ఫోనులో మోగుతుందన్న మాట! ఆరు నెలలు వుండేవాళ్లు 28 రోజుల రీఛార్జితో విమానమెక్కడం అత్తెసరు బియ్యంతో పెళ్లి వంటకు దిగడం లాంటిది. తిరిగి వచ్చే తేదీ దాటేదాకా గడువుండే రీఛార్జి చేయించండి. ఏడాది గడువువి కూడా దొరుకుతాయి. దానితోపాటే అంతర్జాతీయ రోమింగు తెరిపించుకోండి. సాధారణంగా రోమింగులో మెసేజి అందుకోవడానికి డబ్బు పట్టరు. మాట్లాడినా, మెసేజి పంపినా, ఇంటర్నెట్టు వాడినా పడుతుంది. మీ కంపెనీ సంగతి ఏమిటో ఆ కౌంటరులోనే అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు గదా!

అయిదోది, మీ ఫోనులో వున్న పేర్లన్నిటి ముందూ ప్లస్ 91 చేర్చి దాచుకోండి. ఎందుకంటారా? మన నంబరుకు పది అంకెలు, అమెరికా నంబరుకూ పది అంకెలే. అక్కడి సిమ్‌తో ఇక్కడి చెల్లెలికని ఉత్త పది అంకెలు నొక్కితే, అది అమెరికాలోనే ఎవరికో పోవచ్చు. అమెరికా నంబర్లకు ముందు ప్లస్ 1 వుంటుంది.

ఇక అక్కడ కొనడం సంగతి. అమెరికాలో ప్రీపెయిడ్ సిమ్ కొనడానికి గుర్తింపు పత్రం చూపాలన్న దేశవ్యాప్త చట్టమేమీ లేదు. అయినా పాస్‌పోర్టు దగ్గర వుంచుకోవడం మంచిదే. కంపెనీల సొంత దుకాణాల్లోనూ, వాల్‌మార్ట్, టార్గెట్ వంటి పెద్ద దుకాణాల్లోనూ సిమ్ పొట్లాలు దొరుకుతాయి. పెద్ద కంపెనీల టవర్లనే అద్దెకు తీసుకుని తక్కువ ధరకు అమ్మే చిన్న కంపెనీలు కూడా చాలా వున్నాయి. నెలకు ఒకసారి కట్టేవీ, మూడు నెలలకో ఆరు నెలలకో ఒకేసారి కడితే చవకయ్యేవీ వుంటాయి. మీరు వుండే రోజులు లెక్కపెట్టుకుని ఎంచుకోండి. పొట్లం మీద రాసిన ధరకు పన్నులు విడిగా పడవచ్చు. "అన్‌లిమిటెడ్" అని రాసి వుంటే ఎంతయినా ఒకే వేగంతో వస్తుందని అనుకోవద్దు. కొంత వాడాక వేగం తగ్గించేవే ఎక్కువ. ఇండియాకు కాల్స్ అందులో కలిసి వున్నాయో లేదో కూడా అడగండి. లేకపోయినా ఫరవాలేదు, ఇంటర్నెట్టు వుంటే వాట్సాప్‌లో మాట్లాడుకోవచ్చు.

అన్ని దేశాల పద్ధతీ ఒకటి కాదు. సింగపూరులో పాస్‌పోర్టు చూపి, వివరాలు రాయించుకుని గాని ఇవ్వరు. 2014 నుంచి అక్కడ ఒక మనిషికి మూడు ప్రీపెయిడ్ సిమ్‌లకు మించి ఇవ్వరు. థాయిలాండులోనూ పాస్‌పోర్టు కావాలి. బ్యాంకాక్ విమానాశ్రయంలో దిగగానే యాత్రికుల సిమ్‌లు అమ్మే కౌంటర్లు కనబడతాయి. జర్మనీలో 2017 జూలై నుంచి గుర్తింపు పత్రం చూపడం తప్పనిసరి. ఇంగ్లండులో మాత్రం ఆ నిర్బంధం లేదు. ఐరోపా యూనియన్ దేశాలు నాలుగయిదు తిరిగి రావాలనుకునేవారికి ఒక సౌకర్యం వుంది. 2017 జూన్ 15 నుంచి ఆ దేశాల్లో ఒకచోటి సిమ్‌ను మరొకచోట అదే ధరకు, ఒక హద్దు దాకా, వాడుకోవచ్చు. పారిస్‌లో కొన్నది రోములోనూ పనికొస్తుంది. స్విట్జర్లాండు మాత్రం ఆ ఏర్పాటులో లేదు. రైలు ఆ సరిహద్దు దాటే ముందే ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

గల్ఫు సంగతి వేరుగా చెప్పాలి. మన గోదావరి జిల్లాలనుంచీ, కడపనుంచీ, నిజామాబాదు, కరీంనగర్ వైపులనుంచీ ఎందరో అక్కడికి పనికి వెళుతుంటారు. దుబాయి, అబుదాబీలున్న ఎమిరేట్స్ దేశంలో వాట్సాప్ మెసేజీలు వెళతాయి గాని, మాట్లాడే కాల్స్‌ను ఆపి వుంచుతారు. అనుమతి వున్న కొన్ని యాప్‌లతోనే ఇంటర్నెట్టు కాల్స్ మాట్లాడాలి. కాబట్టి సిమ్ కొనేటప్పుడు ఇండియాకు మాట్లాడే నిమిషాలు ఎన్ని వున్నాయో చూడాలి. ఇంకొక ముఖ్యమైన మాట. పనికి వెళ్లే చెల్లెళ్లు వీలయినంతవరకు సిమ్ తమ పత్రాల మీద, తమ పేరుతోనే తీసుకోవాలి. ఏజెంటు పేరునో, యజమాని పేరునో వున్న నంబరు మన చేతిలో వున్నా మనది కాదు. వాళ్లు తలచుకున్న రోజున అది మూతబడుతుంది. అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరునూ, ఇంటి నంబరునూ ఫోనులోనే గాక ఒక కాగితం మీద కూడా రాసి దగ్గర పెట్టుకోండి.

సిమ్ వేశాక ఫోనులో చేసుకోవలసిన సర్దుబాట్లు మూడు. ఒకటి, ఇంటర్నెట్టు అక్కడి సిమ్ మీదనే నడవాలని పెట్టండి. మన సిమ్‌కు డేటా రోమింగు మూసేయండి. ఇది మరచిపోతే, మనం నిద్రపోతుండగా ఫోను తనంతట తాను ఫోటోలు దాచుకుంటూ మన బ్యాలెన్సును మింగేస్తుంది. రెండు, మన నంబరుకు వచ్చే కాల్స్ ఎత్తవద్దు. ఎత్తితే నిమిషానికింతని పడుతుంది. ఎవరు చేశారో చూసి వాట్సాప్‌లో తిరిగి మాట్లాడండి. మూడు, కొత్త సిమ్ చూసి వాట్సాప్ "నంబరు మార్చుతారా?" అని అడిగితే వద్దనండి. పాత నంబరు మీదనే అది నడుస్తుంది. బంధువులందరికీ కొత్త నంబరు చెప్పుకోవలసిన పనీ వుండదు.

కొత్త నంబరుకు వచ్చిన మొదటి రోజుల్లో ఎవరెవరో ఫోను చేసి ఏవేవో పేర్లు అడుగుతారు. కంగారు పడకండి. ఆ నంబరు ఇదివరకు ఎవరిదో అయి వుంటుంది. అదే కారణం చేత, కొన్నాళ్లకు వదిలేసే ఆ నంబరును మన బ్యాంకు ఖాతాకు ఎక్కించవద్దు. మనం వచ్చేశాక అదీ మరొకరి చేతికి పోతుంది. ఇక బ్యాంకు వాళ్లమనో, పోలీసులమనో, సిమ్ ఆగిపోతుందనో చెప్పి ఓటీపీ అడిగేవాళ్లు ఏ దేశంలో అయినా దొంగలే.

అత్యవసరానికి పిలిచే నంబరు కూడా తెలిసి వుండాలి. అమెరికాలో 911, ఐరోపా దేశాల్లో 112. అమెరికాలో సిమ్ లేని ఫోనునుంచి కూడా 911కి కాల్ వెళ్లనివ్వాలని నియమం వుంది. మా వదినకు ఆ సాయంత్రం ఈ సంగతి తెలియదు.

ఇంత చదువు మనకెందుకు, పిల్లలున్నారు గదా అంటారా? పిల్లలు సాయం చేస్తారు, కాదనను. కాని వాళ్లు పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్లిపోతారు. పసిబిడ్డతో ఇంట్లో మిగిలేది మనం. బిడ్డకు జ్వరం వస్తే పిలవవలసింది మనం. కాసేపు గాలి పీల్చుకోవాలని గుమ్మం దాటేదీ మనమే. ఊరుగాని ఊళ్లో, భాషగాని భాషలో, చేతిలో మోగే ఫోను ఒకటుంటే ఆ ధైర్యమే వేరు. అదే విధంగా, తిరిగి వచ్చాక మన డబ్బు మనం తీసుకోవడానికి ఎవరి దయా అక్కరలేకుండా వుండాలంటే మన పాత నంబరు మన దగ్గరే వుండాలి.

మా వదినగారు ఈ సంవత్సరం మనవడి పుట్టినరోజుకని మళ్లీ వెళుతున్నారు. మొన్న వాళ్లింటికి వెళితే, ఆవకాయ జాడీలింకా కట్టనేలేదు గాని, తలుపు వెనక కాగితం ఒకటి అంటించి వుంది. ఏడాది రీఛార్జి, రోమింగు, ఐఎంఈఐ నంబరు, ప్లస్ 91, కూతురి నంబరు – ఒక్కొక్కదాని పక్కన టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. "ఈసారి ఎక్కడ దారి తప్పినా ఫరవాలేదే అమ్మాయ్, నేనే ఫోను చేసి చెబుతాను" అన్నారు నవ్వుతూ. మీరూ పెట్టె సర్దేముందు అటువంటి కాగితం ఒకటి రాసుకోండి.